తొలి నిప్పురవ్వ : రాబర్ట్ బాష్ జీవితం

రాత్రంతా మంచులో నిలిచిన మోటారు కారు తెల్లవారగానే తాళం తిప్పిన తోడనే మేలుకొంటే ఆ వింతను గుర్తించేవారు అరుదు. అది మొరాయించిన నాడు మాత్రం చుట్టూ పదిమంది చేరుతారు. ఒకరు బ్యాటరీ పోయిందంటారు. మరొకరు ప్లగ్గులు మార్చమంటారు. ఇంకొకరు పెట్రోలులో నీరు కలిసిందంటారు. చివరకు నలుగురు కలిసి వెనుకనుంచి తోస్తారు. బండి కదిలినా రోగం అలాగే మిగిలి ఉంటుంది. కారణాన్ని ఊహించడం వేరు, కనుగొనడం వేరు. ఈ రెండింటికీ గల భేదాన్ని జీవితాంతం పాటించి, ఒక చిన్న కొట్టును ప్రపంచ ప్రసిద్ధ సంస్థగా పెంచిన జర్మన్ పనివాడు రాబర్ట్ బాష్. ఆయన జీవితకథను మన కళాశాల విద్యార్థుల ముందు ఉంచడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

భాషాసాహిత్యాలు బోధించేవాడు యంత్రాల జోలికి పోవడం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. కాని పనితనానికి భాషాభేదం లేదు. పద్యంలో గణం తప్పితే ఎక్కడ తప్పిందో పాదం పాదం లెక్కించి చూస్తాము గాని, పద్యమంతా కొట్టివేయము. యంత్రం విషయంలోనూ అంతే. మన విద్యార్థులలో రేపు కార్యాలయాలలో కూర్చునేవారూ ఉంటారు, వర్క్‌షాపులలో చేతులకు నూనె పూసుకొనేవారూ ఉంటారు. ఇద్దరికీ ఈ జీవితంలో నేర్చుకొనదగినది ఉంది.

బాల్యం, విద్యాభ్యాసం

జర్మనీ దక్షిణ ప్రాంతంలోని వుర్టెంబర్గ్ రాజ్యంలో, ఉల్మ్ నగరం దాపున ఆల్బెక్ అనే గ్రామం ఉంది. ఆ గ్రామంలో 1861 సెప్టెంబరు 23వ తేదీన రాబర్ట్ బాష్ జన్మించాడు. పన్నెండుమంది సంతానంలో ఆయన పదకొండవవాడు. తండ్రి సెర్వాషియస్ బాష్ వ్యవసాయంతోపాటు బాటసారులకు బస, భోజనం సమకూర్చే పూటకూటి సత్రం కూడా నడిపేవాడు. ఆ కాలపు పల్లెటూరి రైతులలో ఆయన చదువరి. 1869లో ఆయన సత్రాన్ని విక్రయించి కుటుంబంతో ఉల్మ్ నగరంలో స్థిరపడ్డాడు.

రాబర్ట్ ఉల్మ్‌లోనే పాఠశాల విద్య ముగించి, 1876లో సూక్ష్మ యంత్రాల పని నేర్చుకొనడానికి ఒక యజమాని వద్ద శిష్యుడుగా చేరాడు. ఆ మూడేళ్ల శిష్యరికం ఆయనకు తృప్తినివ్వలేదు. నేర్పవలసిన యజమాని నేర్పడంలో శ్రద్ధ చూపలేదు. కుర్రవానికి ఏదో ఒక పని అప్పగించడమే గాని, ఆ పని ఎందుకు అలా చేయాలో చెప్పే ఓపిక అక్కడ లేదు. చెడ్డ గురువు వల్ల శిష్యుడు చెడిపోవచ్చు, లేదా నేర్పు విలువ తెలుసుకొనవచ్చు. బాష్ విషయంలో రెండవదే జరిగింది. తరువాతి కాలంలో తన కర్మాగారంలో చేరే పిల్లలకు క్రమబద్ధమైన శిక్షణ ఇవ్వడానికి 1913లో ఆయన ప్రత్యేక విభాగాన్నే నెలకొల్పాడు.

శిష్యరికం ముగిసిన తరువాత బాష్ ఊరూరా తిరిగి, అనేక కర్మశాలలలో పనిచేశాడు. ఒక సంవత్సరం సైన్యంలో ఉన్నాడు. 1883, 84 సంవత్సరాలలో స్టట్‌గార్ట్ సాంకేతిక విద్యాలయంలో కొద్ది నెలలపాటు ప్రత్యేక విద్యార్థిగా కూర్చున్నాడు. అక్కడ పట్టం పుచ్చుకొనలేదు గాని, విద్యుత్తు వెనుకనున్న సిద్ధాంతమంటే భయం మాత్రం పోగొట్టుకొన్నాడు. 1884లో అమెరికా వెళ్లి న్యూయార్కులో ఎడిసన్‌తో సంబంధం గల కర్మాగారాలలో పనిచేశాడు. మరుసటి ఏడు ఇంగ్లండుకు వచ్చి, లండన్ సమీపంలోని సీమెన్స్ సోదరుల కర్మాగారంలో చేరాడు. ఈ దేశాటన వల్ల ఆయన రెండు విషయాలు గ్రహించాడు. విద్యుత్తు రాబోయే యుగానికి ప్రాణం కానున్నదనేది మొదటిది. పనివాని గౌరవం, విశ్రాంతి అనేవి యజమాని దయాభిక్ష కావనేది రెండవది.

స్టట్‌గార్ట్‌లో చిన్న కొట్టు

1886 నవంబరు 15వ తేదీన స్టట్‌గార్ట్ నగరంలో ఒక భవనపు వెనుక భాగంలో బాష్ తన స్వంత కొట్టు తెరిచాడు. వారసత్వంగా వచ్చిన 10,000 మార్కులు ఆయన పెట్టుబడి. ఒక పనివాడు, కబుర్లు మోసే ఒక కుర్రవాడు ఆయన సిబ్బంది. టెలిఫోన్లు, విద్యుత్ గంటలు అమర్చడం, చెడిపోయిన సాధనాలను బాగుచేయడం వారి పని. అదే ఏడాది జనవరిలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు కోరాడు. ఆ బండికీ, తన కొట్టుకూ ఏనాటికైనా సంబంధం ఏర్పడుతుందని ఆనాడు బాష్ ఊహించి ఉండడు.

1887లో ఒక చిన్న యంత్ర నిర్మాత కోరగా, ఒకచోట స్థిరంగా ఉండి పనిచేసే గ్యాస్ ఇంజనుకు మాగ్నెటో అనే సాధనాన్ని బాష్ తయారుచేసి ఇచ్చాడు. ఇంజనులో ఇంధనం, గాలి కలిసిన మిశ్రమం మండాలంటే సరిగ్గా తగిన క్షణంలో ఒక నిప్పురవ్వ పుట్టాలి. మాగ్నెటోలో అయస్కాంతం ఎదుట తీగచుట్ట కదులుతుంది. ఆ కదలికవల్ల విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తు నిప్పురవ్వ అవుతుంది. బ్యాటరీ అవసరం లేదు. ఈ సూత్రాన్ని బాష్ కనిపెట్టలేదు. అప్పటికే ఉన్నదానిని పరిశీలించి, దానిలోని లోపాలను సవరించి, మరింత నమ్మకంగా పనిచేసే విధంగా రూపొందించాడు. ఆయన ప్రతిభ ఆదినుంచీ అటువంటిదే.

అదే సంవత్సరం ఆయనకు అన్నా కైజర్‌తో వివాహమైంది. సంసారం పెరిగింది గాని వ్యాపారం నిలకడగా సాగలేదు. 1890ల తొలినాళ్లలో పని దొరకక, పనివారిలో చాలామందిని తొలగించవలసిన దుస్థితి వచ్చింది. కుటుంబంవారి సహాయంతో ఆ గండం గడిచింది. ఆ రోజులలో ఆయన సైకిలు మీద ఊరంతా తిరిగి, తన మనుషులు చేసిన పనిని స్వయంగా చూసి వచ్చేవాడు. పని నాసిగా ఉందని తెలిస్తే దానిని తిరిగి చేయించేవాడు. డబ్బు పోయినా ఫరవాలేదు గాని మాట పోరాదన్నది ఆయన పట్టుదల. అప్పులలో ఉన్నవానికి ఈ పట్టుదల ఎంత ఖరీదైనదో ఆలోచించండి.

మాగ్నెటో విజయం

1897లో అసలు మలుపు వచ్చింది. ఫ్రెడరిక్ సిమ్స్ అనే ఆంగ్ల వర్తకుడు దె దియోన్ బూతోన్ అనే ఫ్రెంచి కంపెనీవారి మూడు చక్రాల మోటారు బండిని పంపి, దానికి మాగ్నెటో అమర్చమని కోరాడు. స్థిరమైన ఇంజను నిదానంగా తిరుగుతుంది. బండి ఇంజను దానికి ఎన్నో రెట్లు వేగంగా తిరుగుతుంది. అంత వేగానికి బరువైన తీగచుట్ట కదలలేదు. బాష్ వద్ద పనిచేసే ఆర్నోల్డ్ జేరింగర్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. బరువైన తీగచుట్టను కదలకుండా ఉంచి, దానిచుట్టూ తేలికైన లోహపు తొడుగును ఆడించాడు. ఆ విధంగా మాగ్నెటో మొదటిసారిగా వేగంగా తిరిగే బండి ఇంజనుకు పనికివచ్చింది.

అంతకుముందు కొన్ని బండ్లలో సిలిండరుకు అమర్చిన గొట్టాన్ని మంటతో ఎర్రగా కాల్చి, ఆ వేడితో మిశ్రమాన్ని మండించేవారు. నిప్పును వెంటబెట్టుకొని ప్రయాణం చేసినట్లే. మరికొన్ని బండ్లు బ్యాటరీ మీద ఆధారపడేవి. అది ఖాళీ అయితే బండి దారిలో నిలిచేది. మాగ్నెటో వచ్చి ఈ రెండు కష్టాలనూ తొలగించింది. 1902లో బాష్ సహచరుడు గాట్‌లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన స్పార్క్ ప్లగ్గును రూపొందించాడు. సిలిండరు లోపల కదిలే భాగాలు లేకుండానే, రెండు కొనల మధ్య ఖాళీలో నిప్పురవ్వ దూకసాగింది. నేడు మన వీధులలో తిరిగే పెట్రోలు స్కూటరు మొదలు కారు వరకు అన్నింటిలోనూ ఉన్న స్పార్క్ ప్లగ్గు వంశవృక్షంలో ఇది ముఖ్యమైన కొమ్మ. 1906 నాటికి కర్మాగారం లక్షవ మాగ్నెటోను తయారుచేసింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. జేరింగర్, హోనోల్డ్ చేసిన ఆవిష్కరణలను బాష్ తన ఖాతాలో వేసుకొనలేదు. హోనోల్డ్ బాల్యంనుంచి ఎరిగినవాడే; ఆ కుర్రవాని బుద్ధిని గుర్తించి, ఎదగనిచ్చి, బాధ్యత అప్పగించాడు. తనకంటె తెలివైనవారిని చూసి అసూయపడని యజమాని దొరకడం ఆనాడూ అరుదే, ఈనాడూ అరుదే.

పనివారి యజమాని

1906లో బాష్ తన కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినాన్ని ప్రవేశపెట్టాడు. జర్మనీలో ఈ పని చేసిన తొలి యజమానులలో ఆయన ఒకడు. 1910లో శనివారం మధ్యాహ్నం సెలవు ఇచ్చాడు. ఇది కేవలం దయ కాదని ఆయనకు తెలుసు. అలసిన చేయి వేలికొన మందం కూడా లేని భాగాలను సరిగా కొలవలేదు. రెండు షిఫ్టులు నడిపితే యంత్రాలూ ఖాళీగా ఉండవు. న్యాయం, లాభం ఒకే దారిలో నడవగలవని ఆయన చేసి చూపాడు. ఇతర యజమానులు ఆయనను ఎర్ర బాష్ అని ఎత్తిపొడిచేవారు. అయినా 1913లో ఆయన కర్మాగారంలో పెద్ద సమ్మె జరిగింది. మంచి యజమానిగా పేరు తెచ్చుకొన్న ఆయనను అది తీవ్రంగా బాధించింది.

1910లో స్టట్‌గార్ట్ సాంకేతిక విద్యాలయానికి ఆయన పది లక్షల మార్కులు విరాళం ఇచ్చాడు. అంత ఇవ్వగల మనిషి, నేలమీద పడి ఉన్న కాగితపు క్లిప్పును చూసి, అది ఏమిటని పనివానిని నిలదీశాడని చెప్పుకొంటారు. దుబారా చేయనివాడే దానం చేయగలడు.

మొదటి ప్రపంచ యుద్ధం ఆయనను కలచివేసింది. సైన్యానికి సరుకు అమ్మడంవల్ల వచ్చిన లాభాన్ని తనది అనుకొనడానికి ఆయన మనస్సు ఒప్పలేదు. నెకార్ నది కాలువ నిర్మాణం వంటి ప్రజాప్రయోజనాలకు భారీ మొత్తాలు ఇచ్చివేశాడు. 1918లో అమెరికా ప్రభుత్వం అక్కడి ఆయన సంస్థను శత్రు ఆస్తిగా స్వాధీనం చేసుకొన్నది. 1921లో చాలాకాలంగా వ్యాధిగ్రస్తుడుగా ఉన్న ఏకైక కుమారుడు మరణించాడు. 1927లో మొదటి వివాహం రద్దయింది. అదే ఏడు మార్గరెట్ వోర్జ్‌ను వివాహమాడాడు.

నిప్పురవ్వనుంచి ఇంధనానికి

ఇంజను మేలుకొనడానికి నిప్పురవ్వ ఒక్కటే చాలదు. మొదట దానిని ఎవరో తిప్పాలి. ఆ రోజులలో ముందువైపున హ్యాండిలు పెట్టి చేతితో తిప్పేవారు. అది వెనుకకు తన్నితే మణికట్టు విరిగేది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912లో కాడిలాక్ కార్లలో వచ్చింది. మన మెకానిక్కులు సెల్ఫ్ అని పిలిచేది దానినే. 1914నుంచి బాష్ సంస్థ కూడా స్టార్టర్ల తయారీలో ప్రవేశించింది.

తరువాత బాష్ దృష్టి ఇంధనంవైపు మళ్లింది. డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. కాని ఇంధనాన్ని తగిన క్షణంలో, తగిన కొలతలో, గొప్ప ఒత్తిడితో తుంపరగా చిమ్మాలి. ఆ పని చేసే పాత సాధనాలు లారీకి పనికిరానంత పెద్దవి, బరువైనవి. 1922 చివర ఆయన చిన్న పంపు తయారీకి పూనుకొన్నాడు. అందులోని కడ్డీ, దాని గొట్టం ఎంత బిగువుగా అమరాలంటే, వాటి నడుమ ఖాళీని మిల్లీమీటరులో వెయ్యవ వంతుల లెక్కన కొలవాలి. అయిదేళ్ల శ్రమ తరువాత 1927 నవంబరులో ఆ పంపుల వరుస తయారీ ఆరంభమైంది. 1936లో మెర్సిడెస్ బెంజ్ 260 డి అనే డీజిల్ కారు ఆ పంపుతోనే వెలువడింది.

చీకటి సంవత్సరాలు

1933లో హిట్లర్ అధికారానికి వచ్చాడు. ఈ అధ్యాయాన్ని దాటవేసి జీవితచరిత్ర వ్రాయడం న్యాయం కాదు. బాష్ ప్రజాస్వామ్యవాది, ఫ్రాన్సుతో స్నేహం కోరినవాడు. ఆయన, ఆయన సన్నిహితులు యూదులకు ఉద్యోగాలు ఇచ్చారు, దేశం దాటిపోవడానికి ధనసహాయం చేశారు. లైప్‌జిగ్ నగర మేయరు పదవిని విడిచిన కార్ల్ గోర్డెలర్‌ను 1937లో సలహాదారుగా తీసుకొన్నారు. హిట్లర్ వ్యతిరేక కుట్రలో ప్రముఖుడైన గోర్డెలర్‌ను 1945 ఫిబ్రవరిలో ఉరితీశారు. యూదులను కాపాడినందుకు బాష్ వారసుడు హాన్స్ వాల్జ్‌ను 1969లో ఇజ్రాయెల్‌లోని యాద్ వషేమ్ సంస్థ గౌరవించింది.

కాని అదే కర్మాగారం సైన్యానికి సరుకు అందించింది. పెట్రోలును నేరుగా సిలిండరులోకి చిమ్మే బాష్ పంపులు మొట్టమొదట పెద్ద ఎత్తున పనిచేసింది జర్మన్ యుద్ధవిమానాలలోనే. యుద్ధకాలంలో వేలాదిమంది చేత ఆ కర్మాగారాలలో బలవంతంగా చాకిరీ చేయించారు. ఎనిమిది గంటల పనిదినం తెచ్చిన యజమాని పేరుమీదనే ఇది జరిగింది. మంచి మనిషి కూడా చెడ్డ రాజ్యంలో తన చేతులు పూర్తిగా కడుక్కొనలేడు. ఆయన చేసిన మేలును ఈ మచ్చ చెరపదు. ఆ మేలును చూపి ఈ మచ్చను దాచనూ రాదు.

1940లో ఆయన విరాళంతో నిర్మించిన ఆస్పత్రి స్టట్‌గార్ట్‌లో ప్రారంభమైంది. 1942 మార్చి 12వ తేదీన, చెవిలో ఏర్పడిన వాపు ముదిరి, ఎనభయ్యవ ఏట రాబర్ట్ బాష్ కన్నుమూశాడు. తాను అసహ్యించుకొన్న ప్రభుత్వమే ఆయనకు అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. సంస్థ లాభాలు ప్రజాహితానికి వినియోగం కావాలని ఆయన వీలునామా వ్రాసి ఉంచాడు. నేడు ఆ సంస్థ వాటాలలో 90 శాతానికి పైగా ఆయన పేరిట ఉన్న ధర్మనిధివే. విద్య, ఆరోగ్యం, దేశాల మధ్య స్నేహం దాని ఆశయాలు.

ఆయన తరువాత : చలి ఉదయపు పరీక్ష

యుద్ధానంతరం పెట్రోలు ఇంజెక్షన్ విమానాలనుంచి కార్లకు దిగివచ్చింది. 1954లో మెర్సిడెస్ 300 ఎస్.ఎల్. కారులో యాంత్రిక ఇంజెక్షన్ ఉండేది. 1967లో ఫోక్స్‌వాగన్ 1600 కారులో డి-జెట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ వచ్చింది. 1973లో కె-జెట్రానిక్, ఎల్-జెట్రానిక్ అనే రెండు పద్ధతులు వెలువడ్డాయి. చలి ఉదయాన కారును మేలుకొలిపే సమస్యకు వీటిలో బాష్ సంస్థ ఇచ్చిన సమాధానం విద్యార్థులు శ్రద్ధగా తెలుసుకొనదగినది.

బాగా వేడెక్కిన ఇంజనులో ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి, బరువు లెక్కన, సరిపోతుంది. చల్లని ఇంజనులో చిమ్మిన పెట్రోలంతా ఆవిరి కాదు. కొంత గొట్టాల గోడలకు తడిగా అంటుకొంటుంది. ద్రవంగా ఉన్నది మండదు. ఆవిరి మాత్రమే మండుతుంది. అందువల్ల మొదట ఎక్కువ పెట్రోలు ఇవ్వాలి. అంబాసిడర్ కారులో చోక్ లాగేది ఇందుకే. ఇంజనుకు చలి అంటే మన చలి కాదు. 80, 90 డిగ్రీల వేడిలో పనిచేసే ఇంజనుకు 25 డిగ్రీల హైదరాబాదు ఉదయం కూడా చలే.

ఎల్-జెట్రానిక్ కారులో చోక్ లేదు. దాని పనిని నాలుగు భాగాలు పంచుకొన్నాయి. కోల్డ్ స్టార్ట్ వాల్వు సెల్ఫ్ తిరిగే సమయంలో అదనపు పెట్రోలు చిమ్ముతుంది. అది ఎన్ని క్షణాలు చిమ్మాలో థర్మో టైమ్ స్విచ్ నిర్ణయిస్తుంది. ఇంజను వేడిగా ఉంటే అసలు చిమ్మనివ్వదు. నీటి వేడిని కొలిచే సెన్సారు ఇంజను ఎంత చల్లగా ఉందో కంట్రోల్ పెట్టెకు చెబుతుంది. అదనపు గాలి వాల్వు చలిలో తెరుచుకొని ఇంజను ఆగిపోకుండా కాపాడి, వేడెక్కిన కొద్దీ మూసుకొంటుంది.

ఈనాటి కార్లలో లోపం ఏర్పడితే కంప్యూటరు ఒక సంకేత సంఖ్య చూపుతుంది. తొలి తరం ఇంజెక్షన్ కార్లలో ఆ సదుపాయం లేదు. మెకానిక్కు చెవి, కన్ను, మీటరు ఇవే సాధనాలు. కనుక ప్రశ్నలు క్రమంగా అడగాలి.

మొదటి ప్రశ్న: సెల్ఫ్ చురుగ్గా తిప్పుతున్నదా? నిండు బ్యాటరీ ఊరకున్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు అది 9.5 కంటె బాగా పడిపోతే బ్యాటరీనో, దాని తీగలనో అనుమానించాలి. ఇక్కడ లోపం ఉండగా ఇంజెక్టర్లు విప్పడం వృథా.

రెండవ ప్రశ్న: ప్లగ్గు తడిగా ఉందా, పొడిగా ఉందా? తడిగా ఉంటే పెట్రోలు వస్తున్నది. నిప్పురవ్వ లేదు, లేదా పెట్రోలు మితిమీరింది. పొడిగా ఉంటే పెట్రోలు చేరడం లేదు. అప్పుడు పంపు శబ్దం వినాలి, ఒత్తిడి కొలవాలి. ఎల్-జెట్రానిక్‌లో అది సుమారు 2.5 బార్ ఉండాలి. రాత్రికి రాత్రే ఒత్తిడి జారిపోతే ఉదయం చాలాసేపు సెల్ఫ్ కొట్టవలసి వస్తుంది. పంపులోని వెనుదిరగనివ్వని వాల్వో, కారుతున్న ఇంజెక్టరో కారణం కావచ్చు.

మూడవ ప్రశ్న: వేడిగా ఉన్నప్పుడు చక్కగా మేలుకొని, చల్లగా ఉన్నప్పుడే మొరాయిస్తున్నదా? అలా అయితే చలికి సంబంధించిన భాగాలనే చూడాలి. నీటి సెన్సారు నిరోధం 20 డిగ్రీల వద్ద రమారమి 2,500 ఓములు, 80 డిగ్రీల వద్ద రమారమి 300 ఓములు ఉంటుంది. దాని తీగలు ఒకదానికొకటి తగిలితే కంట్రోల్ పెట్టె ఇంజను వేడిగా ఉందని భ్రమపడి పెట్రోలు తగ్గిస్తుంది. తీగ తెగితే ఘోరమైన చలి అనుకొని ఇంజనును పెట్రోలులో ముంచుతుంది. నల్లని పొగ వస్తుంది. కోల్డ్ స్టార్ట్ వాల్వును విప్పి, దాని నోటిని ఒక సీసాలో పెట్టి సెల్ఫ్ కొడితే చల్లని ఇంజనులో కొన్ని క్షణాలు చిమ్మి ఆగాలి. చిమ్మకపోయినా లోపమే, ఆగిన తరువాత కారినా లోపమే. ఈ పరీక్షలో నిప్పురవ్వ పుట్టకుండా ఇగ్నిషన్ తీగను తప్పించాలి. మంటలార్పే సాధనం పక్కన ఉండాలి.

నాలుగవ ప్రశ్న: మేలుకొని వెంటనే ఆగిపోతున్నదా? అదనపు గాలి వాల్వును చూడాలి. గాలిని కొలిచే మీటరుకూ, త్రాటిల్‌కూ నడుమనున్న రబ్బరు గొట్టాన్ని వంచి చూడాలి. పాత రబ్బరు పగిలితే లెక్కకు రాని గాలి లోపలికి పోయి మిశ్రమం పలుచబడుతుంది. కొన్ని రూపాయల గొట్టం పగిలినందుకు వేల రూపాయల కంట్రోల్ పెట్టెను మార్చినవారు ఉన్నారు.

అక్కడే ఈ విద్యకు గల నైతిక విలువ కనిపిస్తుంది. కొలవకుండా భాగాలు మార్చే మెకానిక్కు తన అజ్ఞానానికి మూల్యాన్ని బండి యజమానిచేత కట్టిస్తాడు. ఆ యజమాని ఒక టాక్సీ డ్రైవరైతే, అది ఆ ఇంటి నెలసరి బియ్యం కావచ్చు.

మన నేలతో సంబంధం

1951లో బెంగుళూరులో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ స్థాపన జరిగింది. మైకో అనే పేరుతో అది మన లారీ డ్రైవర్లకు, వ్యవసాయ పంపుసెట్ల రైతులకు చిరపరిచితమైంది. తెలుగు నేలమీద డీజిల్ పంపు, నాజిల్ బాగుచేసే కొట్టు ఏ పట్టణంలో ఉన్నా, ఆ బోర్డుమీద మైకో పేరు కనిపించేది. 2008లో ఆ సంస్థ పేరు బాష్ లిమిటెడ్‌గా మారింది. ఉల్మ్ దాపున ఒక పల్లెలో పుట్టిన మనిషి పేరు ఆ విధంగా మన బోర్లమీదికి, బస్‌స్టాండ్ల పక్కకు వచ్చి చేరింది.

విద్యార్థి మిత్రులారా! రాబర్ట్ బాష్ విశ్వవిద్యాలయ పట్టభద్రుడు కాడు. ఆయనకు దొరికిన గురువు మంచివాడు కాదు. మొదటి కొట్టు దివాళా అంచుకు వెళ్లింది. ఆయనను నిలిపినవి మూడే: తెలియనిదానిని తెలిసినట్లు చెప్పకపోవడం, చేసిన పనిని తానే తిరిగి పరీక్షించుకొనడం, తన కింద పనిచేసేవానిని మనిషిగా చూడడం. మీరు చేపట్టేది వైద్యమైనా, వ్యాపారమైనా, బోధనైనా, ఎదుట మొరాయించిన యంత్రమో, బాధపడే మనిషో తప్పక నిలుస్తారు. ఆ క్షణంలో నోటికి వచ్చిన కారణం చెప్పక, ఒక్కొక్క ప్రశ్న అడిగి, కొలిచి, ఆ తరువాతనే చేయి వేయండి. మీ చేతికి పనిని అప్పగించినవారు మిమ్ములను నమ్ముతారు. ఆ నమ్మకాన్ని మించిన మూలధనం బాష్‌కూ లేదు, మనకూ లేదు.